సగం సాక్ష్యం

పోయినవారం మనం దెబోరాను ల్యాబ్‌లో కొలతలు తీసే కౌంటర్ మెషిన్ ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో మెషిన్ నుంచి చించిన కాగితం, కాగితం మీద యాభై ఏడో నంబరు. ఆ నంబరు ఏ పేషెంట్‌దో ల్యాబ్‌లో ఎవరికీ తెలియకూడదన్నది రూలు. కానీ మంగళవారం ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసు డబ్బాలో దిగింది ఒకే ఒక్కరి పేగు. ఆ రోజు ఆ థియేటర్‌లో పెద్దపేగు కోయించుకున్నదీ ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి దెబోరా అక్క కరుణమ్మ. రూలు రాసినవాళ్లకి అక్కలుండరు కాబోలు!

దెబోరా పనేమిటో ఒక్కసారి చెప్పేస్తే మళ్లీ మధ్యలో ఆగక్కర్లేదు. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ అని ఒక పదార్థం తయారవుతూ ఉంటుంది. నొప్పి, వాపు, జ్వరం, ఏది వచ్చినా అందులో దాని చెయ్యి ఉంటుంది. పెద్దపేగులో క్యాన్సర్ కంతి పుట్టిందంటే అది ఈ పదార్థాన్ని ఎడాపెడా తయారు చేస్తుంది. ఎందుకు చేస్తుంది, చేసి ఏం సాధిస్తుంది అన్నది ఈ 1984లో కూడా ఎవరికీ పూర్తిగా అంతుపట్టలేదు. డాలస్‌లోని ఆ మెడికల్ సెంటర్‌లో డాక్టర్ విట్‌మన్ ల్యాబ్ నడిచేది ఆ ముడి విప్పడానికే. ఒక్కో పేషెంట్‌వి రెండు ముక్కలు వస్తాయి, కంతి నుంచి ఒకటి, దానికి జానెడు దూరంలో ఉన్న మంచి పేగు నుంచి ఒకటి. దెబోరా రెండూ నూరి, వడగట్టి, కొలుస్తుంది. నాలుగేళ్లలో యాభై ఆరుమందివి కొలిచింది. అందరిలోనూ కంతిదే పైచేయి.

యాభై ఏడో నంబరులో మాత్రం ఆ పదార్థం కంతిలోనూ లేదు, మంచి పేగులోనూ లేదు. రెండుచోట్లా అడుగంటిపోయింది. తన చేతే తప్పు చేసిందేమోనని దెబోరా మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అదే లెక్క వచ్చింది.

ఇలా జరగడానికి కారణం ఒకటే. మోకాళ్ల నొప్పులకి వేసుకునే మాత్రలు కొన్ని ఉన్నాయి, ఆస్పిరిన్, ఇండోమెథాసిన్ లాంటివి. అవి మింగినవాళ్ల ఒంట్లో ఈ పదార్థం తయారీ ఆగిపోతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు ప్రతి పేషెంట్‌తో ఒక ఫారం నింపిస్తారు. "గత రెండు వారాల్లో ఇలాంటి మందులు వాడారా?" యాభై ఏడో నంబరు ఫారం మీద పేరు కనబడకుండా నల్లగా కొట్టేసి ఉంది. కింద జవాబు మాత్రం గుండ్రటి అక్షరాల్లో, చీరాల మిషన్ స్కూల్లో నేర్చిన చేతిరాతలో ఉంది. లేదు.

కరుణమ్మ అబద్ధం రాసింది. ఇరుగింటి పిల్లి తన ఇంట్లో పాలు తాగితే కూడా వెళ్లి "మా పాలు తాగింది, మీరు వేరే పెట్టకండి" అని చెప్పే మనిషి.

"తీసి పారెయ్, డెబ్," అన్నాడు డాక్టర్ విట్‌మన్, కాగితం మీద ఒక్క చూపు చూసి. "పేషెంట్ నిజం చెప్పలేదు. ఈ శాంపిల్ మనకి పనికిరాదు." చెడ్డవాడు కాదు. ఆ పేషెంట్ ఎవరో ఆయనకి తెలియదు, తెలియకూడదు కూడా.

"ఓకే," అంది దెబోరా. ఇంకేమనగలదు? తెల్ల కోటు విప్పి కుర్చీకి తగిలించి, అద్దాల వంతెన మీదుగా ఎదురుగా ఉన్న హాస్పిటల్ బిల్డింగ్‌లోకి నడిచింది.

ఆరో అంతస్తులో కరుణమ్మ గది. బయట కారిడార్‌లోనే రత్నరాజు ఎదురయ్యాడు. ముగ్గురిలో ఆఖరివాడు, ఇరవై తొమ్మిదేళ్లు, డాలస్ పక్కనే ప్లేనోలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజినీరు. మంగళవారం నుంచి రోజూ ఆఫీస్‌కి లేటుగా వెళ్తానని చెప్పి, పొద్దున్నే డ్రైవ్ చేసుకొచ్చి పెద్దక్క దగ్గర కూచుంటున్నాడు.

"నీ మొహమేంటి చిన్నక్కా, అట్లా ఉంది? బ్రేక్‌ఫాస్ట్ చేశావా? ఉండు, కాఫీ తెస్తా," అని లిఫ్ట్ వైపు వెళ్లాడు. వాడు వెళ్లడమే మంచిదైంది అనుకుంది దెబోరా. ఈ మాట అక్కాచెల్లెళ్ల మధ్యే తేలాలి.

కరుణమ్మకి నలభై ఎనిమిదేళ్లు. పన్నెండేళ్ల కింద నర్సు ఉద్యోగం మీద ఈ దేశం వచ్చింది. తర్వాత తమ్ముణ్నీ చెల్లెల్నీ రప్పించి, చదివించి, వాళ్ల కాళ్ల మీద నిలబెట్టింది. తను పెళ్లి ఊసెత్తలేదు. ఇప్పుడు మంచం మీద పడుకుని కూడా డ్రిప్ ఎంత వేగంగా పడాలో అమెరికన్ నర్సులకి చెబుతోంది. సర్జన్ బుధవారమే అన్నీ చెప్పేశాడు. పేగు వరకు కోసేశారు గానీ లివర్ మీద రెండు మచ్చలు కనబడ్డాయి, జబ్బు అక్కడికీ పాకింది. ఇంకో సంగతి కూడా చెప్పాడు, టేబుల్ మీద రక్తం ఆగక నాలుగు సీసాలు ఎక్కించాల్సి వచ్చిందని. ఎందుకాగలేదో ఆయనకి అర్థం కాలేదు. ఈ పొద్దు దెబోరాకి అర్థమైంది, కత్తి పడ్డచోట రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వవు ఆ మాత్రలు.

"ఏమే, ఈ టైమ్‌లో వచ్చావు? మీ దొర పని మాన్పించాడా?" అంది కరుణమ్మ.

"అక్కా, ఒకటి అడుగుతా. అబద్ధం చెప్పకు."

"నేనెప్పుడు చెప్పానే?"

"ఫారం మీద."

కరుణమ్మ దుప్పటి అంచు పట్టుకుని నిదానంగా సర్దుకుంది. కిటికీలోంచి పార్కింగ్ లాట్ కేసి చూసింది. చివరికి, "నీ మెషిన్‌కి అది కూడా తెలిసిపోతుందా?" అంది.

"తెలిసిపోతుంది."

"చూశావా!" కరుణమ్మ కళ్లలో మెరుపు వచ్చింది. "నా చెల్లెలు చేసేది మామూలు పని కాదని మొన్న ఆ సర్జన్‌తో కూడా చెప్పా."

దెబోరాకి ఏడుపొచ్చింది. తిట్టడానికి వచ్చిన మనిషి. పట్టుబడినది అక్క, సంబరపడుతున్నదీ అక్కే. ఇలాంటి మనిషిని ఏమని తిడతారు?

"ఏం వేసుకున్నావు? ఎప్పట్నించి?"

"ఇండోమెథాసిన్. రోజుకి మూడు. మోకాళ్లకని ఒక డాక్టర్ దగ్గర, నడుముకని ఇంకో డాక్టర్ దగ్గర రాయించుకున్నా. ఏప్రిల్ నుంచి. ఆపరేషన్ ముందురోజు దాకా."

"ఎందుకక్కా?"

"ఎందుకేమిటే? నువ్వే చెప్పావు కదా."

ఏప్రిల్ అనగానే దెబోరాకి ఆ ఆదివారం కళ్ల ముందుకొచ్చింది. మట్టలాదివారం, ఈస్టర్‌కి ముందు వచ్చేది. అమెరికన్ల చర్చిలో వాళ్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి తెలుగువాళ్లకి ఆ హాలు ఇస్తారు. డాలస్ చుట్టుపక్కల నుంచి ముప్ఫై కుటుంబాలు వస్తాయి. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో. తర్వాత పులిహోర, కోడికూర. ఆ రోజు సంఘ పెద్ద ఆనందబాబుగారు దెబోరా వైపు తిరిగి, "దెబోరమ్మా, అందరూ జబ్బు నయమైంది, జాబ్ వచ్చింది అని చెబుతున్నారు. నువ్వు ఆ జబ్బుల మధ్యే పని చేస్తున్నావు, నీ నోట ఎప్పుడూ సాక్ష్యం రాదేమ్మా?" అన్నారు.

సాక్ష్యానికి ఒక పద్ధతుంది. కష్టం చెప్పాలి, కష్టం తీరిన సంగతి చెప్పాలి, కూర్చోవాలి. నయమైన జబ్బు మళ్లీ తిరగబెట్టిందనుకోండి, ఆ తోక ఎవరూ చెప్పరు. తోకకి స్తోత్రం రాదు. దెబోరా లేచి నిలబడింది. తమ ల్యాబ్‌లో ఎలుకల పేగుల్లో కంతులు పుట్టించారని చెప్పింది. మోకాళ్ల నొప్పులకి వాడే మామూలు ఇండోమెథాసిన్ వాటికి పట్టించారని చెప్పింది. "నా ఈ రెండు చేతులతో కొలిచాను. కంతులు చిన్నవయ్యాయి. ఇంత చిన్న మాత్రలో ఇంత శక్తి పెట్టినవాడు దేవుడు కాక ఇంకెవరు?" అంది. హాలంతా ఒక్క గొంతుతో స్తోత్రం అంది. దెబోరా ఒళ్లు పులకరించింది. ఆ నాలుగేళ్లలో ల్యాబ్‌లో ఎవరూ ఆమె పనికి అలా తల ఊపలేదు.

ఆ మందు ఆపాక ఎలుకల్లో కంతులు మళ్లీ పెరిగాయని మాత్రం చెప్పలేదు. అబద్ధమాడాలని కాదు. ఆ మాట అంటే సాక్ష్యం చప్పబడిపోతుందని మానేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ వినేవాళ్లలో, మూడో వరసలో, ఒడిలో బైబిలు పెట్టుకుని తన సొంత అక్క కూచుందన్న ధ్యాస దెబోరాకి ఎందుకుంటుంది?

"జనవరిలో మొదటిసారి రక్తం కనబడింది," అంటోంది కరుణమ్మ. "నాన్నకి ఎట్లా మొదలైందో నాకు తెలుసు కదే. మీరు చిన్నపిల్లలు, మీకు గుర్తుండదు. మొలలన్నారు, వేడి చేసిందన్నారు, మజ్జిగ తాగించారు. నలభై ఆరేళ్లకే పోయాడు. నేను దేవుణ్నే అడిగా, ప్రభువా, నన్ను కోయించుకోమంటావా, ఇంకేదైనా దారి ఉందా, నువ్వే చూపించు అని. మట్టలాదివారం ముందు వారమంతా ఉపవాసముండి అడిగా. ఆదివారం నువ్వు లేచి నిలబడ్డావు."

"నువ్వు నర్సువి అక్కా! నీకు తెలియదా? ఎవరైనా పేషెంట్ ఇట్లా చేస్తే నువ్వే చీవాట్లు పెట్టేదానివి!"

"పెట్టేదాన్నే. కానీ చెప్పింది ఎవరో పత్రికలో రాసినాయన కాదు. నువ్వు. నా చేతులతో కొలిచాను అన్నావు. అంతకంటే ఏం కావాలే నాకు? పైగా నెల తిరిగేసరికి రక్తం ఆగిపోయింది. సెప్టెంబర్‌లో డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయి, వాళ్లు ఎమర్జెన్సీకి పట్టుకుపోయారు గానీ, లేకపోతే అది తగ్గేదే."

తగ్గేది కాదు. ఆగింది పైకి కనబడే రక్తమే, కంతి కాదు. మాత్ర చాటున అది ఆరు నెలలు నిమ్మళంగా పెరిగింది. ఏప్రిల్‌లోనే కోసి ఉంటే ఆ లివర్ మీద మచ్చలుండేవి కావేమో. ఏమో, ఉండేవేమో కూడా. ఆ లెక్క ఏ మెషినూ తేల్చదు. జీవితాంతం తన గుండెల మీద కూర్చునేది ఆ ఒక్క 'ఏమో'నే అని దెబోరాకి అప్పుడే తెలిసిపోయింది.

"నన్ను తిట్టక్కా," అంది.

"ఎందుకు తిట్టాలి? పిచ్చి మొహమా!" కరుణమ్మ చెయ్యి చాచి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. డ్రిప్ గొట్టం అడ్డం వస్తే దాన్ని పక్కకి జరిపింది. "నేనే నిన్ను ఒకటి అడగాలనుకుంటున్నా. మంగళవారం నుంచి మాత్రలు ఆపేశాను కదా. ఆపబట్టి అది మళ్లీ విజృంభిస్తుందేమో. మీ దొరతో మాట్లాడి, మళ్లీ మొదలుపెట్టించవే. లివర్ మీదవి కూడా చిన్నవవుతాయిగా?"

చెప్పాలి. ఆ మందు కంతిని అణిచి ఉంచుతుందే గానీ చంపదని ఇప్పుడైనా చెప్పాలి. దెబోరా నోరు తెరిచింది. ఆ చేతిని చూసింది. తనకి జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చెయ్యి. ఇక మిగిలింది కొన్ని నెలలు. ఆ నెలల్లోంచి ఈ ఒక్క ఆశ కూడా లాగేసుకుని తను ఏం బాగుపడుతుంది? చెబితే పాపం, చెప్పకపోతే పాపం.

"అడుగుతాను," అంది. యాభై ఏడో నంబరు ఫారం మీద అక్క రాసింది ఒక అబద్ధం. ఇప్పుడు చెల్లెలిది ఇంకొకటి.

"నా హ్యాండ్‌బ్యాగ్‌లో సీసా ఉంది చూడు. దాని మీద డోసు రాసి ఉంటుంది, మీ దొరకి చూపించు."

దెబోరా బ్యాగు తెరిచింది. మెళ్లో వేసుకునే సిలువ గొలుసు, చీటీలు, వాటి కింద గోధుమరంగు ప్లాస్టిక్ సీసా. ఖాళీది. లేబుల్ మీద చూసింది. తొంభై క్యాప్సూళ్లు. సెప్టెంబర్ ఇరవై నాలుగున ఇచ్చారు. కొలవడం ఆమె ఉద్యోగం, వద్దన్నా లెక్క దానంతటదే సాగుతుంది. ఆపరేషన్ అక్టోబర్ తొమ్మిది. ఎనిమిది దాకా పదిహేను రోజులు, రోజుకి మూడు. నలభై ఐదు.

"అక్కా, ఇందులో ఇంకా సగం ఉండాలే. మిగతా నలభై ఐదు ఏవి?"

ఇంతసేపూ తొణక్కుండా ఉన్న మనిషి మొహం ఒక్కసారిగా పాలిపోయింది. ఆమె చూపు తలుపు వైపు వెళ్లింది.

"నేను చెప్పానని వాడికి చెప్పకే. నీకు చెబితే కంగారుపడతావని వాడే వద్దన్నాడు."

"వాడు... ఎవడు?"

అడిగింది గానీ, అడక్కముందే తెలిసిపోయింది. నాన్న కడుపున పుట్టింది ముగ్గురు. దెబోరా ఆ సీసాని బల్ల మీద పెట్టింది. గదిలోంచి బయటికి నడిచింది.

రత్నరాజు కారిడార్ మలుపు దగ్గర కాఫీ మెషిన్ ముందు ఉన్నాడు. రెండు కప్పులు నింపి, మూడోదానికి చిల్లర వెతుక్కుంటున్నాడు. చొక్కా కొత్తదే, అయినా వదులుగా వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి. వాడు చిక్కాడని ఇన్నాళ్లూ అందరూ అంటుంటే, ఒంటరిగా ఉండి వండుకోక చిక్కాడులే అని తనే సర్దిచెప్పింది.

"ఎప్పట్నించిరా?" అంది దెబోరా.

"ఏంటి ఎప్పట్నించి?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. తలుపు వైపు చూశాడు. "పెద్దక్క చెప్పేసిందా? వద్దని ప్రామిస్ చేయించుకున్నానే! జూలై నుంచి. బట్ ఇట్స్ ఓకే చిన్నక్కా, ఇప్పుడు బ్లీడింగ్ లేదు. కంప్లీట్‌గా స్టాప్ అయిపోయింది."

"డాక్టర్‌కి చూపించావా?"

"ఎందుకు? నువ్వు చెప్పిన మందే కదా. పెద్దక్క నాతో అన్నది, ఇది మన చిన్నది కొలిచి చెప్పిన మందురా, దేవుడు మనింటికే పంపించాడు అని. నిజంగానే వర్క్ అవుతోంది." జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి మూత తెరిచి చూపించాడు. అడుగున మూడు క్యాప్సూళ్లు దొర్లాయి. "ఇవే లాస్ట్. పెద్దక్క ఇంక రాయించలేదుగా. ల్యాబ్‌లో మీ దగ్గర ఉంటాయి కదా, ఎలుకలకి ఇచ్చేవి? ఈ వీకెండ్‌కి కొన్ని తెచ్చిపెట్టవా?"

కారిడార్ చివర ఎవరో చక్రాల మంచం తోసుకుపోతున్నారు. గదిలో ఉన్న మనిషికి నిజం చెప్పి లాభం లేదు, చెప్పలేదు. ఎదురుగా ఉన్నవాడికి చెప్పకపోతే ఇంకో ఐసు డబ్బా వస్తుంది, దాని మీద ఇంకో నంబరు ఉంటుంది, దాన్నీ తన చేతులే కొలవాలి. చెబితే వాడు తిన్నగా గదిలోకి పోయి పెద్దక్కని అడుగుతాడు. వాడి పొట్టలో ఏ రహస్యమూ నిలవదు.

"రత్నం," అంది. "ఆ రోజు చర్చిలో నేను సాక్ష్యం సగమే చెప్పాను."

రత్నరాజు ఒక కాఫీ కప్పు ఆమె చేతిలో పెట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆమె మాటకి తల ఊపినట్టే ఇప్పుడూ ఊపాడు.

"మిగతా సగం కూడా మంచిదేగా, చిన్నక్కా?"